ఉల్టా తిరిగిన లైట్లు

జహీరాబాద్‌లో ఇప్పుడు పరుగెత్తే లైట్లు లేని దుకాణం లేదు. హైవే పక్కన పంక్చర్ డబ్బాకు ఉన్నాయి, మటన్ కొట్టుకు ఉన్నాయి, దవాఖాన బోర్డు చుట్టూ కూడా ఉన్నాయి. ఎర్రవీ పచ్చవీ ఒకదాని వెనుక ఒకటి, ఎవరో తరుముతున్నట్టు ఉరుకుతుంటాయి. జనం బోర్డు మీది పేరు చదువుతారు. నేను మాత్రం లైట్లు ఎటు తిరుగుతున్నాయో చూస్తాను. మొన్న బీదర్ పోయే రోడ్డు మీద ఒక మిఠాయి దుకాణం ముందు అట్లాగే నిలబడిపోతే, లోపలి మనిషి నాకు మిఠాయి మీద మనసు పుట్టిందనుకుని ఒక బాలూషా చేతిలో పెట్టాడు. దాన్ని కొరుకుతూ ఉండగానే పక్కన చాయ్ తాగుతున్నవాళ్ళ మాటల్లో వినబడింది, ధరమ్‌కాంట ఆయన పోయాడని.

లారీలు తూచే పెద్ద కాటాను మా దగ్గర ధరమ్‌కాంట అంటారు. ఆయన దాని క్యాబిన్‌లో కూర్చుని తూకం చీటీలు రాసేవాడు.

ఏడాదిగా నేను ఆ మనిషితో మాట్లాడలేదు. దుఃఖం రాలేదా అంటే వచ్చింది. కానీ దానికంటే ముందు కోపం వచ్చింది. ఒకే ఒక్క మాట నలుగురిలో చెప్పాల్సినవాడు, అది చెప్పకుండానే వెళ్ళిపోయాడు.

నా సంగతి కూడా ఇక్కడే చెప్పేయాలి, లేకపోతే నా కోపం అర్థం కాదు. నాది బస్టాండు దగ్గర చెప్పుల దుకాణం. గిరాకీ ఒక చెప్పు తొడుక్కుని రెండోది తొడుక్కునేలోపు ఒక కథ అయిపోవాలి. ఒక ఏడాది ఝరాసంగం అల్లం ఎంత ఘాటుగా పండిందంటే, దాన్ని ఎక్కించుకున్న లారీ ఇంజను తుమ్ముతూ తుమ్ముతూ డీజిల్ లేకుండానే షోలాపూర్ దాకా పోయిందని ఊళ్ళో చెప్పింది నేనే. మొగుడంపల్లి నుంచి వచ్చిన ఒకాయన నా దగ్గర కొన్న చెప్పులు, ఆయన కాళ్ళు కడుక్కోకపోతే ఆ కంపు భరించలేక వాటంతట అవే నడిచి దుకాణానికి తిరిగొచ్చాయని చెప్పింది కూడా నేనే. ఊళ్ళో నా మాట ఒక్కరూ నమ్మరు, అందరూ వింటారు. ఇంతకంటే హాయి ఏముంటుందని చాలాకాలం అనుకున్నాను.

ఆయన నా దుకాణానికి మొదటిసారి వచ్చినప్పుడు హవాయి చెప్పు చూపించమన్నాడు. అట్ట మందంగా ఉండాలి, రబ్బరు మెత్తగా ఉండాలి అంటూ ఒక్కోదాన్ని బొటనవేలితో నొక్కి చూశాడు. చివరికి ఒకటి తీసి పక్కన పెట్టాడు.

"ఒక్కటే గావాలె," అన్నాడు.

"ఏ కాలుకు?"

ఆయన మెడ తిప్పి ఎడమవైపు గోడకేసి చూశాడు. అక్కడ ఏమీ లేదు, సున్నం ఉంది. ఆ సున్నాన్ని కొంచెంసేపు చూసి, ఇటు తిరిగి, "కాలుకు గాదు. లైట్లకు," అన్నాడు.

ఆ చూపేమిటో తర్వాత ఆయన క్యాబిన్‌కు పోయినప్పుడు తెలిసింది. కాటా మీదికి లారీ ఎక్కగానే ఎడమవైపు గోడకు ఉన్న ఎర్ర అంకెలు ఎగిరెగిరి పడతాయి. లారీ ఊగుతున్నంతసేపు అవీ ఊగుతాయి. డ్రైవర్లు కిటికీలోంచి తల పెట్టి "ఎంతాయె సేఠ్, ఎంతాయె" అని తొందరపెడుతుంటే ఆయన కదిలేవాడు కాదు. "నిలవడనీ," అనేవాడు. అంకె నిలబడ్డాకే నోరు విప్పేవాడు. ఏళ్ళ తరబడి అదే పని చేసి చేసి ఆయనకు అది జీవితం మొత్తానికీ అంటుకుంది. అన్నం తిన్నావా అని అడిగినా సరే, ముందు ఎడమకు చూసి, లోపల ఏదో నిలబడేదాకా ఆగి, అప్పుడు తిన్నానో లేదో చెప్పేవాడు. అలా చెప్పిన మాట ఎప్పుడూ తప్పు కాలేదు. కోహీర్ నుంచి ఆలుగడ్డ లారీలు తోలేవాళ్ళు దారిలో రెండు కాంటాలు దాటి మరీ ఈయన దగ్గరికి వచ్చేవాళ్ళు. కాంటా యజమాని పటేల్ సాబు. భూములున్న మనిషి, మా కాలనీ గణపతి కమిటీకి కూడా పెద్ద ఆయనే. "నా కాంట మిషను మీద నడుస్త లేదు, ఆ మనిషి నోటి మీద నడుస్తుంది," అని గర్వంగా చెప్పుకునేవాడు.

అంతటి మనిషికి ఒక్క చెప్పు అమ్మడం ఎలాగో నాకు తెలియలేదు. జత విడగొడితే రెండోదాన్ని ఏం చేసుకోను. అదే అడిగాను. ఆయన మళ్ళీ సున్నం చూశాడు.

"రెండు తీస్కుంట. ఒకటి నీకే ఇస్త. నువ్వు గూడ ఒకటి చేసుకో," అన్నాడు.

ఏం చేసుకోవాలో అప్పటికి నాకు తెలియదు. స్నేహం మాత్రం అక్కడే మొదలైంది.

లారీకీ లారీకీ మధ్య ఖాళీలో ఆయన లైట్లు చేసేవాడు. హైదరాబాద్ పోయినప్పుడల్లా కోఠీలో తిరిగి బుడ్డ లైట్లు, ఐసీ చిప్పులు, వైర్లు పొట్లం కట్టించుకుని వచ్చేవాడు. హవాయి చెప్పు అట్టకు దబ్బనంతో వరసగా బొక్కలు పొడిచి, వాటిలో పది ఎల్ఈడీలు గుచ్చేవాడు. రబ్బరు గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి కిందివైపు కాళ్ళకు వైర్లు అతికించడం తేలిక. "దేవుడు చేతులు రెండే ఇచ్చిండు తమ్మీ. మూడో చెయ్యి గీ చెప్పు," అనేవాడు. సోల్డరింగ్ పొగ పడదని ముక్కుకు రుమాలు కట్టుకునేవాడు. ఆ వేషంలో కిటికీలోంచి చీటీ అందిస్తుంటే కొత్త డ్రైవర్లు జేబులు తడుముకునేవాళ్ళు. బ్యాటరీలో బలం ఉందా లేదా తెలియాలంటే దాన్ని నాలుకకు ఆనించి, కళ్ళు మూసుకుని, చింతపండు రుచి చూసినట్టు చప్పరించేవాడు.

నాకు నేర్పడం కూడా ఆయన పద్ధతిలోనే నేర్పాడు. ఎనిమిది కాళ్ళ చిన్న ఐసీని, పదహారు కాళ్ళ పెద్దదాన్ని అరచేతిలో పెట్టి చూపించాడు.

"గీ చిన్నోడు డప్పు గొడ్తడు. ఆనికి ఇంకేం రాదు. పెద్దోడు డప్పు ఇన్నప్పుడల్ల ఒక్కొక్కని పేరు పిలుస్తడు. పిలిచినోడు లేస్తడు, ముందు లేసినోడు కూసుంటడు. పది మంది అయినంక మల్ల మొదటోడు. లైటు యాడికి ఉరుకుత లేదు తమ్మీ. ఏడిదాడనే ఉంటది. ఉరికినట్టు మనకు కనవడ్తది."

"నా కథలు గూడ గట్లనే గదనే అన్నా," అన్నాను.

ఆయన అంకెలకేసి చూశాడు. "నీ కథలల్ల డప్పు ఒక్కటే ఉంటది. పిలిచెటోడు లేడు," అన్నాడు.

నా కథలు ఆయనకు ఇష్టం. చప్పుడు లేకుండా, భుజాలు మాత్రమే కదిలేలా నవ్వేవాడు. నవ్వడం అయ్యాక తప్పకుండా ఒక ప్రశ్న అడిగేవాడు. అల్లం లారీ కథ విన్నాక, "ఖాళీ బండి బరువెంత, లోడుతోటి ఎంత?" అని అడిగాడు. నేను ఏదో ఒక అంకె చెప్పాను. "అయితే షోలాపూర్ దాక పోదు. హుమ్నాబాద్ కాడనే ఆగిపోతది," అన్నాడు. ఆ రోజు నుంచి నేను ఆ కథను హుమ్నాబాద్ దాకానే చెబుతున్నాను.

నా చెప్పు మీద లైట్లు మొదటిసారి పరుగెత్తిన సాయంత్రం నాకు బాగా గుర్తుంది. అంతకుముందు రెండు ఐసీలు కాల్చేశాను, చూపుడువేలు కాల్చుకున్నాను, ఒక ఎల్ఈడీకి పొడుగు కాలు ఉండాల్సిన చోట పొట్టి కాలు పెట్టి అది వెలగడం లేదని తిట్టుకున్నాను. "కాళ్ళ యాపారం జేస్తవు, ఏ కాలు ఎటో చూసుకోవా," అని ఆయన వెక్కిరించాడు. అన్నీ సరిచేశాక బ్యాటరీ పెట్టాను. మడమ దగ్గర మొదలైన ఎర్ర చుక్క వేళ్ళ దాకా పోయి, మళ్ళీ మడమ దగ్గర పుట్టింది. నా జీవితంలో నేను మాటలతో కాకుండా చేతులతో చేసింది అదొక్కటే. నలభై దాటినవాడిని, చెప్పు మీద లైటు చూసి నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన చూసీ చూడనట్టు లారీకి చీటీ రాశాడు.

ఇంటికి తెచ్చి మా ఆవిడకు చూపించాను. నేనే చేశానన్నాను.

"దుకాణంల చెప్పే ముచ్చట్లు దుకాణంలనే ఉంచు," అంది ఆమె.

పోయినేడు గణపతి పండుగకు పటేల్ సాబు ఆ చెప్పు లైట్లను క్యాబిన్‌లో చూసి ముచ్చటపడ్డాడు. విగ్రహం వెనుక పెద్ద చక్రం కట్టి, దాని మీద లైట్లు స్వామి చుట్టూ తిరిగేలా చేయమన్నాడు. "ప్రదక్షిణ జేసినట్టు తిరగాలె," అని మరీ మరీ చెప్పాడు. ఈయన ఒప్పుకుని, "తమ్ముడు గూడ ఉంటడు," అన్నాడు. పటేల్ సాబు నన్ను పైనుంచి కిందికి చూసి, "గీయిన ఏం జేస్తడు, లైట్లకు కథ చెప్తడా," అన్నాడు. ఈయన ఎడమకు చూసి, ఆగి, "చేస్తడు. పని వచ్చు," అన్నాడు. నా గురించి ఎవరైనా సాక్ష్యం చెప్పడం అదే మొదటిసారి.

నా దుకాణం వెనుక గోదాములో చెక్క చక్రం గోడకు ఆనించి పెట్టుకుని ఇద్దరం పని చేశాం. ముందువైపు గోడకు, వెనుకవైపు మాకు. లైట్లు ముందువైపు నుంచి గుచ్చి, వైర్లన్నీ వెనుక అతికించాలి. వరస నంబర్లు వేసేటప్పుడు ఆయన వెనుకవైపే గడియారం ముల్లు తిరిగే దిక్కున ఒకటి, రెండు, మూడు అని వేయబోయాడు. నేను చెయ్యి పట్టుకుని ఆపాను.

"అన్నా, గిరాకీ నా ముందట కూసుంటడు. ఆయన కుడికాలు నాకు ఎడమ చేతి దిక్కు ఉంటది. ఇరవై ఏండ్ల సంది గదే చూస్తున్న. మనం ఎనుక ఉన్నం. మనకు సీదా అయితే ముందటోనికి ఉల్టా. గందుకే మనం ఉల్టా వెయ్యాలె."

ఆయన గోదాము గోడకేసి చూశాడు. చాలాసేపు చూశాడు.

"నిజమే తమ్మీ. నీకు చెప్పులే నేర్పినయి గీ విద్దె," అన్నాడు.

నీలి మార్కరుతో నంబర్లన్నీ నేనే ఉల్టా వరసలో వేశాను. వైర్లు ఆ వరసలోనే ఇద్దరం కలిసి అతికించాం. పండుగ ముందర మా ఆవిడ తరఫు పెళ్ళికి బీదర్ పోవాల్సి వచ్చింది. తాళంచెవి ఆయనకిచ్చి పోయాను. తిరిగొచ్చేసరికి చక్రానికి వెనుక నల్లగుడ్డ కట్టేసి, దాన్ని మండపంలో బిగించేశారు.

మా దగ్గర స్థాపన అయ్యేదాకా విగ్రహం ముందు తెర ఉంటుంది. మంత్రాలయ్యాక, హారతి వేళకు తెర తీస్తారు. తెర తీయగానే లైట్లు వేయాలని కమిటీ ఆజ్ఞ. ఆ రోజు ఆడవాళ్ళ వరసలో మా ఆవిడ, బీదర్ నుంచి వచ్చిన ఆమె అక్క కూడా కూర్చున్నారు. తెర తీశారు. ఆయన స్విచ్ నొక్కాడు. స్వామి వెనుక దీపాలు ఒక్కసారి లేచి పరుగందుకున్నాయి. జనం అంతా ఆహా అన్నారు. ఆ ఆహా మధ్యలో ఒక ముసలమ్మ గొంతు వచ్చింది.

"ఇదేందిరా, దేవుని సుట్టు ఉల్టా తిరుగుతున్నయి. శవం సుట్టు తిరిగినట్టు."

పూజారి చేతిలో హారతి పళ్ళెం ఆగిపోయింది. డప్పులు ఆగాయి. లైట్లు మాత్రం ఆగలేదు. పటేల్ సాబు లేచి నిలబడి అడిగాడు.

"ఎవలు జేసిన్రు గీ పని?"

ఆయన ఎడమకు చూడలేదు. ఆగలేదు. ఏదీ నిలబడనీయలేదు.

"వైర్లు తమ్ముడు అతికిచ్చిండు. నేను సూడలే," అన్నాడు.

అంత త్వరగా ఆయన జవాబు చెప్పడం నేను అంతకుముందు వినలేదు. అది అబద్ధమని ఆ మండపంలో నాకొక్కడికే తెలిసింది. మాట వల్ల కాదు, ఆ తొందర వల్ల.

నేను వెనక్కి పరుగెత్తి నల్లగుడ్డ లేపి చూశాను. నా నీలి నంబర్లు లేవు. థిన్నర్‌తో తుడిచేసి ఉన్నాయి. వాటి చోట ఎర్ర అంకెలు, నేను ఆపినప్పటి దిక్కులోనే, గడియారం ముల్లులా. ఏడు మీద అడ్డగీత. ఒకటికీ ఏడుకీ తేడా తెలియాలని కాంటా చీటీల మీద ఆయన పెట్టే గీత. నేను పటేల్ సాబును చెయ్యి పట్టుకుని పిలిచాను. "రాన్రి, చూడున్రి, గిది నా రాత గాదు. నేను ఏసినయి తుడిచి మల్ల ఏసిన్రు. ఏడు మీద గీత ఉన్నది."

పటేల్ సాబు రాలేదు. "నీ కథలల్ల ఏడుకు గూడ గీతలు వడ్తయిరా," అన్నాడు. పక్కన ఉన్నవాళ్ళు నవ్వారు. ఆ నవ్వులో ఉద్రిక్తత కొంచెం తగ్గింది, అందరికీ ఊపిరి వచ్చింది. కాంటా ఆయన ఈలోగా సోల్డరింగ్ కడ్డీ తీసుకుని వెనక్కి పోయాడు. పది వైర్లు తిప్పి అతికించి ఇటు వచ్చాడు. లైట్లు సీదా తిరిగాయి. హారతి మళ్ళీ మొదలైంది. మైకులో ఎవరో ఉల్టా చేసినాయన పేరూ, సీదా చేసినాయన పేరూ ఒకే ఊపిరిలో చెప్పి, సీదా చేసినాయనకు శాలువా కప్పించారు.

శాలువా కింద ఆయన నాకేసి చూడలేదు.

ఇంటికి పోయే దారిలో మా ఆవిడ, "నిజంగ నువ్వే చేసినవా ఏంది," అంది. లైట్లు నేనే చేశానన్న నా మాటను, పెళ్ళయిన తర్వాత మొదటిసారి, ఆమె నమ్మింది అప్పుడే.

చెప్పులాయనకు ఎడమ కుడి తెలియదన్న మాట కోహీర్ దాకా పోయింది. దుకాణంలో గిరాకీలు కూర్చుని, నేను చెప్పు అందించగానే, "ఉల్టా సేఠ్, గిది ఏ కాలిదో జర సక్కగ చూసి ఇయ్యి," అనేవాళ్ళు. నేను చెప్పిన వెయ్యి అబద్ధాలకు నన్ను ఎవరూ ఏమీ అనలేదు. కానీ ఏ కాలు ఎటో తెలియడం నా అన్నం. ఊళ్ళో నాకు ఖాయంగా తెలిసిన విషయం అదొక్కటే. దాన్నే తీసుకుపోయాడు. ఆయన తన జీవితంలో చెప్పిన ఒకే ఒక్క అబద్ధాన్ని నా మీద ఖర్చు పెట్టాడు.

పండుగయ్యాక కాంటాకు పోయాను. క్యాబిన్‌లో ఆయన ఉన్నాడు, రుమాలు మెడలో ఉంది.

"అన్నా, నంబర్లు ఎవరు మార్చిన్రు?"

ఆయన ఎడమకు చూశాడు. కాటా మీద ఒక చెరకు ట్రాక్టర్ ఎక్కుతోంది. అంకెలు ఎగిరాయి, నిలబడ్డాయి. చీటీ రాసిచ్చాడు. ఇంకోటి ఎక్కింది. అది దిగింది. చాయ్ తెప్పించి, సాసర్‌లో సగం వంచి, కప్పు నా ముందుకు జరిపాడు.

"చాయ్ సల్లారుతుంది," అన్నాడు.

నేను ముట్టుకోలేదు. ఆయన చెబుతాడని అనుకున్నాను, నిజంగా. ఎన్ని లారీలు దిగినా కూర్చుంటే, ఏదో ఒకటి లోపల నిలబడుతుందని, అప్పుడు నోరు విప్పుతాడని. అది నిలబడలేదు. లేచి వచ్చేశాను. ఆ తర్వాత మళ్ళీ పోలేదు. ఆయన కూడా చెప్పుల దుకాణం ఉన్న రోడ్డు వదిలేసి వెనుక సందులోంచి తిరిగేవాడని తెలిసింది. అటు పోతే దూరం ఎక్కువ. ఎక్కువైనా నడిచాడు.

మిఠాయి దుకాణం ముందు ఆ వార్త విన్నాక కూడా నేను వాళ్ళ ఇంటికి పోలేదు. దినాల నాడు పోక తప్పలేదు. కమిటీవాళ్ళే వచ్చి, "నాలుగు మాటలు నువ్వే మాట్లాడాలె, నీ అంత మాటకారి ఎవరున్నరు," అన్నారు. మాటకారి కావడం వల్ల నాకు దక్కిన గౌరవం అది. ఇంటి ముందు షామియానా వేశారు. నేను చేతులు కడుక్కోవడానికి వెనక్కి పోతే ఆయన భార్య పిలిచింది. వంటింటి గడప మీద కూర్చుని ఉంది.

"అన్నా, నాకు ఎరుకే," అంది.

ఏమి ఎరుకో నేను అడగలేదు.

"ఆ దినమే చెప్పిండు. నువ్వు బీదర్ వోయినంక ఒక్కడే లైట్లు ఏసి చూసిండంట. ఎనుక దిక్కు నిలవడి చూస్తె ఉల్టా వోతున్నయంట. భయమయ్యి అన్ని తుడిచి, మల్ల ఏసుకున్నడు. మండపంల సూసినంకనే నీ మాట యాదికొచ్చింది అన్నడు."

"మరి చెప్పొచ్చు గదమ్మా."

ఆమె కొంగు చివర వేలికి చుట్టుకుంది. "గదే అడిగిన. పటేల్ సాబు ముందట తప్పు జేసిన అని ఒప్పుకుంటె, రేపు కాంట కాడ అంకెలు గూడ గిట్లనే సూస్తడని అంటరు, అన్నం వోతది అన్నడు. నీదైతె..." అని ఆగింది.

"నాదైతే?"

"నీదైతె ఎవ్వరు మనసుకు వట్టరు, నవ్వి ఊకుంటరు. తమ్మునికి వోయేదేం లేదు అన్నడు."

ఏడాదిగా నేను మోస్తున్నది ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. ఆయన తొందరపడలేదు. లోపల నన్ను కాటా మీదికి ఎక్కించి, అంకె నిలబడేదాకా చూసి, దాని ప్రకారమే చేశాడు. నా బరువు ఇంతేనని ఆయనకు తెలుసు. నన్ను పని వచ్చినవాడని పటేల్ సాబుకు చెప్పిన నోరే, పోయేదేమీ లేనివాడని ఇంట్లో చెప్పింది.

"మా పెద్దోన్ని కాంట మీద కూసోవెడ్త అని పటేల్ సాబు మాటిచ్చిండు," అంది ఆమె. "నాయన నోరు సూసే ఇస్తున్న అన్నడు. నువ్వు నలుగురిల గీ ముచ్చట చెప్తె, నన్ను అడుగుతరు. అడిగితె నేను అబద్ధమాడ. ఉన్నదే చెప్త. చెప్పుమంటవా వద్దంటవా, నీ ఇష్టం అన్నా. నీకు జరిగింది తక్కువ గాదు."

అంటే ఏడాది నుంచి నేను వెతుకుతున్న సాక్షి ఈ గడప మీదే కూర్చుని ఉంది. ఒక్క మాట నేను అంటే చాలు, రెండో మాట ఆమె అంటుంది. నా ఎడమ కుడి నాకు తిరిగొస్తాయి. ఆమె కళ్ళలో బతిమాలడం లేదు. అది ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

షామియానా కింద అందరూ కూర్చున్నారు. పటేల్ సాబు మొదటి కుర్చీలో. మా ఆవిడ ఆడవాళ్ళలో. ఫోటో పక్కన పెద్ద కొడుకు, గుండు మీద తువాలు వేసుకుని, తండ్రిలాగే మెడ కొంచెం ఎడమకు వంచి నిలబడ్డాడు. నేను లేచాను. లేవగానే ఇద్దరు ముగ్గురు నవ్వడానికి సిద్ధమయ్యారు. బ్యాటరీని నాలుకకు ఆనించే సంగతి చెప్పాను, రుమాలు చూసి డ్రైవర్లు జడుసుకోవడం చెప్పాను, అల్లం లారీని హుమ్నాబాద్‌లో ఆపేసిన సంగతి చెప్పాను. నవ్వారు. కొందరు నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు. అక్కడితో కూర్చోవచ్చు. కూర్చోలేకపోయాను. నంబర్లు మార్చిన మాట నాలుక మీదే ఉంది. గడపవైపు చూశాను. ఆమె కొంగు సర్దుకుని లేచి నిలబడింది, పిలిస్తే ముందుకు రావడానికన్నట్టు.

"ఆయన నోట్లెకెల్లి ఒక్క అబద్ధం రాంగ నేను ఇనలే," అన్నాను.

షామియానా కింద ఎవరూ నవ్వలేదు. పటేల్ సాబు తన కుర్చీలో ముందుకు వంగాడు.

"జిందగీల గిదొక్కటి నిజం చెప్పినవ్‌రా," అన్నాడు.

అందరూ తలలూపారు. మా ఆవిడ కూడా.